గొట్టాలు గీకే మందు

ఇలేషా,
1991 జనవరి

నా ముద్దుల మేనకోడలు అనికేకు,

మీ మావయ్య ఒగుండిరాన్ దీవించి రాస్తున్నాడు. ఇక్కడ ఎడారి నుంచి వీచే హర్మటాన్ దుమ్ముకు పెదాలు పగలడం తప్ప మరో కష్టం లేదు. లోకమంతా నిన్ను డాక్టర్ మోజిరాదే అంటుంది. నేను మాత్రం మా అమ్మ నీకు పెట్టిన ముద్దుపేరుతోనే పిలుస్తున్నాను, ఎందుకంటే నీతో పనిపడింది.

నేను కాచి అమ్మే అజీషాన్ కషాయం సంగతి నీ చెవిన పడే ఉంటుంది. బస్సులు, లారీలు ఆగే మోటారు పార్కులో దాన్ని తాగని డ్రైవరు లేడు. రోజూ పొద్దున్నే నిన్నటి పులుసు మాడిన గిన్నె ఒకటి అందరి ముందూ పెట్టి, "అయ్యలారా, అమ్మలారా, ఇదీ మీ రక్తనాళం! యాభై ఏళ్ళుగా పామాయిల్ పారిన గొట్టం! కడగని గిన్నెలో వండుకుంటారా? మరి కడగని గొట్టంలో రక్తం ఎలా పారిస్తున్నారయ్యా?" అని అరుస్తాను. అరుస్తూనే కషాయం పోసి పీచుతో గీకుతాను. గిన్నె అద్దంలా మెరుస్తుంది. ఒక కండక్టరు మాత్రం, "బాబాయ్, గీకింది పీచా, మందా?" అన్నాడు. వాడికి సీసా ఒకటి ఊరికే ఇచ్చి నోరు మూయించాను.

ఇప్పుడు అసలు సంగతి. మా పేట పెద్దలు ఈ ఏడు ఒకరికి 'వైద్య సేనాని' బిరుదు ఇస్తారట. నా పేరు వినబడుతోంది, కానీ ఒక ముసలాయన, "వీడి మందు మంచిదని చదువుకున్నవాళ్ళు ఎవరన్నారు?" అని పుల్ల పెట్టాడు. చదువుకున్నవాళ్ళంటే నువ్వే కదా తల్లీ! మీ విశ్వవిద్యాలయం కాగితం మీద రెండు ముక్కలు రాసి ముద్ర కొట్టి పంపు. ముద్ర కాస్త పెద్దదైతే మంచిది, సీసా మీద కనబడాలి.

అక్క కులాసాగా ఉంది. ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన రక్తపోటు మాత్రలు చిరిగిన పాత చొక్కాలా మూలన పడేసింది. పండగల నుంచీ నా కషాయమే తాగుతోంది.

నీ మావయ్య
ఒగుండిరాన్


ఇబాదాన్,
జనవరి

మావయ్యకు,

మోకాళ్ళ మీద వంగి నమస్కరించాను. అది మర్యాద. ఇక మర్యాద అయిపోయింది.

అమ్మ మాత్రలు మానేసిందన్న సంగతి ముద్ర సైజు తర్వాత రాస్తావా? పోయినేడు ఆవిడ రక్తపోటు చూసి నర్సు కుర్చీలోంచి లేచి నిలబడింది, గుర్తుందా? ఆ మాత్రలకు ఒప్పించడానికి నేను ఎంత ఏడ్చానో నీకు తెలుసు. నువ్వేమో ఒక మాడిన గిన్నె చూపించి మాన్పించావు.

మావయ్యా, నా చదువంతా దేని మీదో నువ్వు ఎప్పుడూ అడగలేదు. రక్తనాళాల లోపలి పొర మీద. నువ్వు గీకుతానంటున్నది సరిగ్గా దాన్నే. రక్తనాళం నీళ్ళ గొట్టం కాదు. దాని లోపలి వైపున ఒకే ఒక్క వరస కణాలు, నేల మీద పలకలు పరిచినట్టు, ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ఉల్లిపొర దాని ముందు దుప్పటంత మందం. అంత పలచటిదే అయినా ఊరికే కూర్చోదు. రక్తం ఎంత జోరుగా పోతోందో తన ఒంటి మీదుగానే తెలుసుకుని, వెనకనున్న కండకు "కాస్త వదులవు" అని కబురు పంపుతుంది. కండ వదులైతే గొట్టం వెడల్పవుతుంది, రక్తపోటు దిగుతుంది. రక్తంలోంచి ఏది బయటికి పోవాలో, ఏది పోకూడదో చూసేదీ అదే. అన్నిటికన్నా ముఖ్యం, ఆ పొర ఉన్నంతసేపే రక్తం గడ్డకట్టకుండా పారుతుంది. అది ఊడిన చోట రక్తం దాన్ని గాయమనుకుని గడ్డకడుతుంది. ఆ గడ్డ మెదడుకు చేరితే మనిషికి ఒక పక్క చచ్చుబడిపోతుంది. ఆ మనిషి మా అమ్మ కావచ్చు.

నేను చెబితే ఆవిడ వినదు. "నా చేత ముక్కు తుడిపించుకున్నదానివి, నాకు మందులు చెబుతావా?" అంటుంది. నువ్వు చెబితే మాత్రం వేదం. అందుకని ఒక బేరం. కషాయం పంపు, మా ప్రయోగశాలలో ఆవు రక్తనాళాల మీద పరీక్షిస్తాను. దానికి గొట్టం వదులైతే కాగితం రాసిస్తాను. కాకపోతే నువ్వే స్వయంగా వెళ్ళి, అమ్మ చేత మళ్ళీ మాత్రలు వేయించాలి. ఒట్టి మాట కాదు, ఇనుము మీద ప్రమాణం చేయాలి.

మోజిరాదే


ఇలేషా,
ఫిబ్రవరి

అనికే తల్లికి,

ఎంత చదువు, ఎంత కోపం! మీ అమ్మ పోలికే.

ఉల్లిపొరకన్నా పలచటి పొర కబుర్లు పంపుతుందా? మా ఇంటి కావలివాడు ఆరడుగుల మనిషి, పిలిస్తే పలకడు. సరే, ఉందనుకుందాం. నాకు మాత్రం కడిగిందే శుభ్రం, గీకిందే కడగడం. మా అమ్మ పొట్టపేగులు గీకి గీకి తెల్లగా చేస్తే గానీ కుండలో వేయనిచ్చేది కాదు.

ప్రమాణం చేశాను. మెకానిక్కుల షెడ్డులో, అందరి ముందూ, ఇంజను విప్పే పెద్ద స్పానరు నాలుకకు తాకించి, "నా మందు ఓడితే అక్కకు నేనే చెబుతాను, ఈ పార్కులో కూడా నేనే చాటుతాను" అన్నాను. పార్కులో చాటమని నువ్వు అడగలేదు. జనం పోగయ్యేసరికి నోరు ఆగలేదు. ఒగూన్ దేవుడి ఇనుము నాలుకకు తగిలాక మాట తప్పినవాడి సంగతి నీకు తెలుసు. తెలియకపోతే రోడ్డు పక్కన బోల్తాపడి తుప్పు పట్టిన లారీలు చూడు.

ఇదే బస్సులో రెండు సీసాలు, ఒక అరటి గెల పంపుతున్నాను. వేయించిన అరటిపండు తిన్న నోరు నిజమే పలుకుతుందని మనవాళ్ళు అంటారు కదా! బాగా తిను. లంచం అనుకోకు, నిజం కోసమే.

నీ మావయ్య


ఇబాదాన్,
మార్చి

మావయ్యకు,

గెల అందింది, తిన్నాను, నిజమే చెబుతున్నాను. నీ మందు ఓడింది.

నువ్వు అడగకపోయినా వివరిస్తాను, ఎందుకంటే పద్ధతి అంటే ఏమిటో మన ఇంట్లో ఒకరికైనా తెలియాలి. కబేళా నుంచి ఆవు మూత్రపిండానికి పోయే రక్తనాళం తెచ్చి ఉంగరాల్లా కోశాను. ఒక్కో ఉంగరాన్నీ రెండు ఉక్కు కొక్కేలకు తగిలించి గోరువెచ్చటి ఉప్పునీళ్ళలో వేలాడదీశాను. బిగించే మందు వేయగానే ఉంగరం బిగిసింది, కాగితం మీద కలం పైకి గీసింది. అప్పుడు నీ కషాయం వేశాను. కలం దిగలేదు. ఇంకాస్త వేశాను. దిగలేదు. మాడిన గిన్నెలకు నీ మందు మహత్తరం కావచ్చు, రక్తనాళానికి మాత్రం అది ఉన్నట్టే తెలియలేదు.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. కషాయానికి ముందు వేరే మందు ఒకటి వేసి, లోపలి పొర బతికే ఉందా అని ఉంగరాన్ని అడగడం మా ఆనవాయితీ. పొర ఉంటే ఆ మందుకు గొట్టం వదులవుతుంది. అడిగాను, వదులవలేదు. ఆ మందు ఫ్రిజ్‌లో పాడైపోయిందన్నమాట. మా కరెంటు సంగతి నీకు తెలియనిదేముంది? లాగోస్‌కు కొత్త సీసా కోసం రాశాను. అది చిన్న విషయం.

ఇక నీ స్పానరు సంగతి. మాట నిలబెట్టుకుంటావని ఎదురుచూస్తున్నాను. విజ్ఞానం ముందు అందరూ ఒకటే మావయ్యా, మేనమామైనా సరే.

డాక్టర్ మోజిరాదే


ఇలేషా,
ఏప్రిల్

గౌరవనీయులైన డాక్టర్ మోజిరాదే గారికి,

తమరి ఉత్తరం అందింది.

అక్క ఇంటికి వెళ్ళాను. "అక్కా, నా మందు ఓడింది, ఆసుపత్రి మాత్రలు వేసుకో" అన్నాను. ఆవిడ నన్ను కాసేపు చూసి, "ఎవడైనా బెదిరించాడట్రా నిన్ను?" అంది. "లేదక్కా, మోజి పరీక్ష చేసింది" అన్నాను. "దాని మొహం! నువ్వు నమ్మావా?" అంది. "ఇనుము మీద ఒట్టేశాను" అన్నాను. అప్పుడు లోపలికి వెళ్ళి మాత్రల డబ్బా తెచ్చుకుని నా ఎదురుగానే వేసుకుంది. రోజూ పొద్దున వెళ్ళి వేసుకునేదాకా కూర్చుంటున్నాను.

ఆ తర్వాత పార్కుకు వెళ్ళి అదే బల్ల ఎక్కి చాటాను. మొదట నవ్వులాట అనుకున్నారు. తర్వాత నిజంగానే నవ్వారు. ఆ కండక్టరు మాడిన గిన్నె ఒకటి తెచ్చి, "సేనాని గారూ, కాస్త తోమిపెట్టండి" అన్నాడు. బిరుదు సీలింగు ఫ్యాన్లు అమ్మేవాడికి ఇచ్చారు. గాలి ఆరోగ్యానికి మంచిదట.

తమరికి మరేమైనా ఆజ్ఞలుంటే తెలియజేయగలరు.

ఇట్లు,
ఒగుండిరాన్ (వ్యాపారం లేదు)


ఇబాదాన్,
మే

మావయ్యా,

ఈ ఉత్తరం మూడుసార్లు చించేశాను. కూర్చుని చదువు. చదివేదాకా అమ్మ ఇంటికి వెళ్ళకు, నీకు దండం పెడతాను.

లాగోస్ నుంచి కొత్త మందు సీసా వచ్చింది. తెచ్చినవాడు దారంతా ఐసుగడ్డల మీద పెట్టుకుని తెచ్చాడు. ఉంగరం మీద వేశాను. వదులవలేదు. అంటే పాతది కూడా పాడవలేదు. ఈ దేశ చరిత్రలో మొదటిసారి కరెంటువాళ్ళు నిర్దోషులు. ఆడలేక మద్దెల ఓడన్నది నేనే.

మరి పొర ఏమైంది? కబేళాకు వెళ్ళాను. వెళ్ళానంటే, ఇన్నాళ్ళూ వెళ్ళనట్టే లెక్క. వాసన పడక కారులోనే కూర్చుని కిటికీలోంచి సంచీ అందుకునేదాన్ని. ఈసారి దిగాను. "ఒరేయ్, మేడమ్ కారు దిగిందిరా!" అని కబేళా అంతా కేక. మాంసం కోసే పనిలో ఈ ఏడే చేరిన లమీది నన్ను చూసి పొంగిపోయాడు. స్టూలు తుడిచి కూర్చోబెట్టి, నా కళ్ళముందే రక్తనాళాన్ని సన్నటి పుల్ల మీద మేజోడులా తిరగేశాడు. చాకు వీపుతో చకచకా గీకి, ఉప్పు రాసి కడిగి, మళ్ళీ తిరగేసి సంచీలో వేశాడు.

"లమీదీ, ఏం చేస్తున్నావు?" అన్నాను.

"మామూలే కదమ్మా! లోపల జిగురంతా తీసేస్తున్నా. అందరికీ చేస్తానా ఏంటి? మీరు డాక్టరమ్మ, మంచి కస్టమరు. మొదటి రోజు నుంచీ మీ సంచీ మాత్రం ప్రత్యేకం."

"ఎందుకూ?"

"అదేంటమ్మా? మాంసపు మిరియాల చారులోకి జిగురుతో వేస్తే అయ్యగారు తింటారా?"

నేను వండుకుంటున్నాననుకున్నాడు మావయ్యా. మర్యాద కోసం గీకాడు. నా ఎదుటే ఇంకో నాళం తీసి, "ఇంకా తెల్లగా కావాలా?" అని అడిగాడు. వాడిని ఏమనగలను? లోపలి పొర మీద పట్టా పుచ్చుకున్నదాన్ని నేను, నా ఉంగరాలకు ఆ పొర ఉందో లేదో చూసుకోలేదు. ఉంగరాలు లేదు, లేదు అని చెబుతుంటే కరెంటును తిట్టాను.

గీకవద్దని బతిమాలి, గీకని నాళం తెచ్చాను. "మీ ఇష్టం, నా పేరు మాత్రం చెప్పకండి" అంటూ మొహం మాడ్చుకుని ఇచ్చాడు. పాడైందనుకున్న పాత మందే వేస్తే గొట్టం వదులైంది. తర్వాత నీ కషాయం వేశాను. కలం దిగింది మావయ్యా. మెల్లగా, చక్కగా దిగింది. గీకిన ఉంగరం పక్కనే పెట్టి చూశాను. దాని మీద మందు ప్రభావం ఏమీ లేదు, గీకని దాని మీద ఉంది. నీ మందులోని ఏదో ఆ పొరతో మాట్లాడుతోంది. పొర కండకు చెబుతోంది. నువ్వు పార్కులో చెప్పినట్టు నీ మందు నిజంగా గొట్టాలు గీకితే, అది పనే చేయదు.

నువ్వు ఓడలేదు. నా తప్పు వల్ల నిన్ను నీ పార్కులోనే నవ్వులపాలు చేశాను. క్షమించమనడానికి నోరు రావడం లేదు.

కానీ ఒక్కటి చెప్పనివ్వు. గాజుపాత్రలో ఆవు ఉంగరం వదులవడం వేరు, డెబ్బై ఏళ్ళ అమ్మకు జబ్బు తగ్గడం వేరు. కడుపులోకి వెళ్ళాక అది ఏమవుతుందో, ఎంత మోతాదు మంచిదో, ఎంత చెడ్డదో నాకు తెలియదు, నీకూ తెలియదు. ఇది దాచేద్దామని ఒక రోజంతా అనుకున్నాను. దాచితే అమ్మ మాత్రలు వేసుకుంటుంది. చెబితే నువ్వు గెలిచానని డప్పు కొడతావు, ఆవిడ మళ్ళీ డబ్బా మూలన పడేస్తుంది. అయినా నిజం నీది, నీ దగ్గర దాచడానికి నేనెవరిని? ఇచ్చేశాను. మా అమ్మ ప్రాణం కూడా దాంతోపాటే నీ చేతిలో పెట్టాను.

నీ అనికే


ఇలేషా,
జూన్

అనికేకు,

నీ ఉత్తరం పార్కులో చదివాను. కూర్చుని చదవమన్నావు, సగం దాకానే కూర్చోగలిగాను. కలం దిగిందన్న చోట లేచి గెంతాను. మిగతాది నిలబడి చదివాను. అది చదివేటప్పుడు గెంతలేదు.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని నన్ను అనేవాళ్ళు. నీ కుందేలుకు ఒక్క కాలూ లేకపోయె! నేను పీచుతో గీకాను, లమీది చాకుతో గీకాడు, చూసుకోనిది నువ్వు. ముగ్గురం కలిసి దుకాణం పెట్టవచ్చు.

కోపం పోయింది. నిజం చెబితే పూర్తిగా పోలేదు, ఆ కండక్టరు ఇంకా గిన్నెలు తెస్తూనే ఉన్నాడు. నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిన్నగా అక్క ఇంటికే నడిచాను. గుమ్మంలోంచే "గెలిచాను!" అని అరుద్దామని. నువ్వు భయపడింది సరిగ్గా దానికే, నాకు తెలుసు.

అక్క అద్దం ముందు నిలబడి తలగుడ్డ చుట్టుకుంటోంది, చర్చికి వెళ్ళడానికి. రెండు చేతులూ పైకెత్తి చుట్టుకుంటోంది, అనికే. పోయిన పండగకు ఒక చేత్తో గోడ పట్టుకుని, రెండో చేత్తో చుట్టుకునేది. తల తిరుగుతుందని. అప్పుడు చూశాను గానీ, చూడనట్టు సీసా ఇచ్చి వచ్చాను. నా మందు పనిచేస్తోందని నాకు నేనే చెప్పుకున్నాను.

"ఏంట్రా అలా నిలబడ్డావు?" అంది.

"మాత్ర వేసుకున్నావా?" అన్నాను.

"నువ్వు వచ్చి కాపలా కూర్చోందే వేసుకోకూడదేమోనని ఆగాను" అని నవ్వింది. వేసుకుంది. ఉత్తరం జేబులోంచి తీయలేదు.

ఓడితే ఏం చేయాలో స్పానరు మీద చెప్పాను. గెలిస్తే అక్కకు చెబుతానని ఎక్కడా అనలేదు. కాబట్టి ఒట్టు తప్పినట్టు కాదు.

కానీ బేరం బేరమే. గొట్టం వదులైతే కాగితం ఇస్తానన్నావు. పంపు.

నీ మావయ్య


ఇబాదాన్,
జూలై

మావయ్యకు,

మోకాళ్ళ మీద వంగి, ఈసారి నిజంగా వంగి, నమస్కరిస్తున్నాను.

కాగితం పంపుతున్నాను. ముద్ర మా శాఖలో ఉన్నవాటిలో పెద్దదే. రెండే వాక్యాలు రాశాను. "ఈ కషాయం రక్తనాళాలను గీకదు, గీకని ఆవు రక్తనాళం దీనివల్ల ప్రయోగశాలలో కొంత వదులైంది. మనుషుల్లో పరీక్షించలేదు కనుక దీన్ని నమ్ముకుని ఆసుపత్రి మాత్రలు ఎవరూ మానరాదు." రెండూ వేయాలి. ఒకటి వేసి ఒకటి వదిలితే బస్సెక్కి వచ్చి నీ బల్ల మీద నేనే నిలబడతాను.

అమ్మ రెండు చేతులతో తలగుడ్డ చుట్టుకుందని చదివి ఏడ్చాను. మా విద్యార్థులు చూసి, ఇంకో ప్రయోగం పాడైందనుకున్నారు.

అనికే


ఇలేషా,
సెప్టెంబరు

అనికే తల్లికి,

వ్యాపారం మళ్ళీ లేచింది. కొత్త సీసా మీద ఎర్ర అక్షరాలతో "విశ్వవిద్యాలయం తేల్చింది: మా మందు గీకదు!" అని వేయించాను. బల్లెక్కి, "అయ్యలారా, మిగతావాళ్ళ మందులన్నీ మీ గొట్టాలు గీకుతాయి! లోపల ఉల్లిపొరకన్నా పలచటి పొర ఉంటుంది, అది పోతే మీరూ పోతారు! గీకని మందు ఇలేషా మొత్తానికి నాది ఒక్కటే!" అంటున్నాను. మొన్నటిదాకా గీకమని అరిచింది నేనేనని ఎవరికీ గుర్తు లేదు. కండక్టరుకు ఉంది. వాడికి మళ్ళీ సీసా ఊరికే ఇచ్చాను. వచ్చే ఏడు బిరుదు నాదేనంటున్నారు.

రెండో వాక్యం కూడా వేశాను. ఒట్టు. అడుగున వేశాను. చీమ కళ్ళద్దాలు పెట్టుకుంటే గానీ కనబడనంత వేశాను.

నిన్న అక్క సీసా అడిగింది. "మోజి కూడా మంచిదందటగా, ఇవ్వరా ఒకటి" అంది. "నీకు వద్దక్కా" అన్నాను. సీసా చేతిలోకి తీసుకుని దూరంగా పెట్టి చూసి, "అడుగున ఈ చీమల బారు ఏంటి?" అంది. చదివి వినిపించాను. ఆవిడ సీసా తిరిగి నా చేతిలో పెట్టింది. తర్వాత అంది, "నాకు వద్దన్నావు, చదివి వినిపించావు. ఊళ్ళోవాళ్ళకు ఎవరు చదువుతార్రా? వాళ్ళకెవరికీ అక్కలు లేరా?"

నీ ప్రయోగశాలలో నన్ను ఏ కొక్కేనికి తగిలించినా అంత బిగిసేవాణ్ణి కాదు. పొద్దున అచ్చు వేసేవాడి దగ్గరికి వెళ్ళి రెండో వాక్యం కూడా ఎర్రగా, అంతే లావుగా వేయమన్నాను. "సేనాని గారూ, ఇలా వేస్తే ఎవడు కొంటాడు?" అన్నాడు. నాకూ అదే అనుమానం.

సోమవారం బల్లెక్కి ఆ వాక్యం నేనే గట్టిగా చదవాలి. ఇదే బస్సులో అరటి గెల పంపుతున్నాను. ఈసారి నువ్వు తినకు. వేయించి, సోమవారం లోపల నాకు తిప్పి పంపు.

నీ మావయ్య
ఒగుండిరాన్